అలవాటు పడని చూపు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న మనవి. వెనక వరస మీద మినుకుతున్న ట్యూబ్‌లైటు ఒకటుంది, దాన్ని ఎవరైనా ఆపేస్తారా? థాంక్సండీ. ఎందుకు ఆపమన్నానో కాసేపట్లో చెబుతాను.

నేను కళ్ల డాక్టర్ని. మైగ్రేన్ ఉన్న మనిషిని కూడా. ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిందంటే, మైగ్రేనే.

మొదటిసారి అది కంటికి కనబడిన రోజు బాగా గుర్తు. అప్పుడు హౌస్ సర్జన్‌ని. కేసు షీటు చదువుతున్నాను. ఒక పదం మధ్యలో రెండక్షరాలు లేవు. మసకబారలేదు, చెరిగిపోలేదు, అక్కడ నల్లమచ్చ కూడా లేదు. లేవు, అంతే. పక్క పదం చూస్తే అందులోనూ అంతే. అద్దాలు తీసి తుడిచాను. మళ్లీ తుడిచాను. మూడోసారి తుడుస్తుంటే సిస్టర్ నవ్వింది, "ఎంత తుడిచినా అదే చేతిరాత సార్" అని. ఐదు నిమిషాలు గడిచేసరికి ఆ లోటు అంచున రంపపు పళ్లలాంటి గీత లేచింది. గీసిన గీతలా ఊరుకోదది. మెరుస్తుంది, వణుకుతుంది, మరుగుతున్న నీళ్ల మీది వెలుగులా కదులుతూనే ఉంటుంది. మెల్లగా విల్లులా వంగి, ఎడమవైపు పెరుగుతూ పోయింది. ఎడమ కంటికి ఏదో అయిపోయిందనుకున్నాను. ఎడమ కన్ను మూశాను. ఉంది. కుడి కన్ను మూసి చూశాను. అప్పుడూ ఉంది.

అక్కడే నాకు సగం ఊపిరి వచ్చింది. ఏ కన్ను మూసినా కనబడుతోందంటే అది కంట్లో లేదు. రెండు కళ్ల సమాచారం కలిసే చోట, అంటే తల వెనక భాగంలో ఉన్న విజువల్ కార్టెక్స్‌లో ఉంది. ఎడమవైపు కనబడిందంటే కుడివైపు మెదడులో ఉంది. చాలామంది "నా ఎడమ కంట్లో మెరుపులు" అంటారు. నిజానికి వాళ్లు చెబుతున్నది ఎడమవైపు దృశ్యం గురించి, ఎడమ కన్ను గురించి కాదు. ఒక్కో కన్ను మూసి చూడటం అనే పైసా ఖర్చు లేని పరీక్ష చేసుకోకపోవడం వల్ల ఈ గందరగోళం.

ఈ మెరుపుల దశను ఆరా అంటాం. మైగ్రేన్ ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఉన్న జబ్బు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అందులో ఆరా వచ్చేది సుమారు మూడింట ఒక వంతుకో, అంతకంటే కొంచెం తక్కువ మందికో. మిగతావాళ్లకు నేరుగా నొప్పే. కానీ ఆరా లేనివాళ్ల చూపులో కూడా తేడా ఉందని ఇప్పుడు తెలుస్తోంది. నొప్పి లేని రోజుల్లో కూడా. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే. అయితే ఆరా కథ చెప్పకుండా అక్కడికి వెళ్లబుద్ధి కావడం లేదు, నాకు అంత ఇష్టమైన కథ అది.

1870లో హ్యూబర్ట్ ఏరీ అనే ఇంగ్లిష్ డాక్టరు తన ఆరాను బొమ్మలు గీసి ప్రచురించాడు. ఆయన తండ్రి జార్జ్ ఏరీ పెద్ద ఖగోళ శాస్త్రజ్ఞుడు, ఆయనకూ ఇదే వచ్చేది. కొడుకు గీసిన ఆ వంకర గీత కోటగోడ బురుజుల్లా ఉంటుంది. అందుకే ఇప్పటికీ దాన్ని కోటగోడ ఆకారం అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. ఆ బొమ్మ చూస్తే, నా తలలోది ఆయన ఎలా గీశాడా అనిపిస్తుంది. అంత ఒకేలా ఉంటుంది.

తర్వాత 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇంకో పని చేశాడు. ఆరా మొదలవగానే కాగితం మీద ఒక చుక్క పెట్టుకుని, దాని మీదే చూపు నిలిపి, మెరుపు గీత అంచు ఎక్కడిదాకా వచ్చిందో వరసగా గుర్తు పెట్టుకుంటూ పోయాడు. చూపు మధ్యలో మొదలై బయటికి పోతుంది కదా, బయటికి పోతున్నకొద్దీ వేగం పెరుగుతున్నట్టు కనబడుతుంది. నిజంగా వేగం పెరుగుతోందా? లేదు. మన మెదడులో దృశ్యానికి ఉన్న పటం సమానంగా పంచింది కాదు. చూపు నడిమధ్యకు చాలా ఎక్కువ స్థలం, అంచులకు చాలా తక్కువ. మధ్యలోని పది డిగ్రీల వృత్తానికే ప్రాథమిక విజువల్ కార్టెక్స్‌లో సుమారు సగం స్థలం పోతుంది. కాబట్టి మెదడు మీద ఒక అల ఒకే వేగంతో నడిచినా, మధ్యలో ఉన్నప్పుడు అంగుళం అంగుళం జరిగినట్టు, అంచుకు చేరాక పరుగెత్తినట్టు కనబడుతుంది. ఈ లెక్క వేసుకుని లాష్లీ చెప్పింది: ఏదో ఒకటి మెదడు మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోంది. స్కాన్ లేదు, యంత్రం లేదు. కాగితం, పెన్సిలు, గడియారం.

మూడేళ్లకు, 1944లో, అరిస్టిడిస్ లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు కుందేళ్ల మెదడులో ఒక వింత గమనించాడు. ఒకచోట ప్రేరణ ఇస్తే నాడీకణాలు ఒక్కసారి చెలరేగి, తర్వాత మౌనంగా పడిపోతున్నాయి. ఆ మౌనం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పక్కకు పాకుతోంది. లాష్లీ లెక్కకూ దీనికీ ముడి వేయడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2001లో నుషిన్ హజిఖాని బృందం ఆరా నడుస్తుండగానే మనిషి మెదడును ఎంఆర్ఐలో చూడగలిగింది. అందులో ఒకాయనకు గట్టిగా వ్యాయామం చేస్తే ఆరా వచ్చేదట, అది వాళ్ల అదృష్టం. కొలిచిన వేగం నిమిషానికి 3.5 మిల్లీమీటర్లు. ముందు చెలరేగే అంచు మనకు మెరుపు గీతగా కనబడుతుంది. వెనక వచ్చే మౌనం అక్షరాలు లేని ఖాళీగా కనబడుతుంది.

సరే, ఇప్పుడు కళ్ల కదలికల దగ్గరికి వద్దాం. అందరూ ఒకసారి చెయ్యి ముందుకు చాపి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు వెడల్పు ఉంది చూశారా, ఇంచుమించు అంత మేరలోనే మనకు సూక్ష్మంగా కనబడుతుంది. మిగతాదంతా మసకే. నమ్మకం లేకపోతే మీ చేతిలోని కరపత్రంలో ఏదో ఒక పదం మీద చూపు కదలకుండా నిలిపి, మూడు లైన్ల కింద ఏముందో చదవడానికి ప్రయత్నించండి. రావడం లేదు కదా. మరి ఈ హాలంతా స్పష్టంగా ఉన్నట్టు ఎందుకనిపిస్తోందంటే, కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతోంది కాబట్టి. మేం సకేడ్ అంటాం. గెంతు అన్నా తప్పు లేదు. రోజుకు లక్ష గెంతులు దాటతాయి. పెద్ద గెంతులో కనుగుడ్డు తిరిగే వేగం సెకనుకు 500 డిగ్రీలు కూడా దాటుతుంది. శరీరం చేసే అతి వేగమైన కదలికల్లో ఇదొకటి.

అంత వేగంగా కెమెరా తిప్పితే వీడియో ఎలా ఉంటుంది? చూడలేం, తల తిరుగుతుంది. మరి మనకెందుకు తిరగడం లేదు? గెంతు జరుగుతున్న ఆ కాస్త సమయం మెదడు చూపును అణిచి పెడుతుంది. ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిలబడి, మీ ఎడమ కంటిని చూసి, తర్వాత కుడి కంటిని చూడండి. కళ్లు కదలడం మీకు కనబడదు. పక్కనున్నవాళ్లకు కనబడుతుంది. మీకు కనబడదు. తర్వాత ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టి అదే చేయండి. ఇప్పుడు కనబడుతుంది! ఫోన్ బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి, గెంతు అయిపోయాక, మెదడు తెర తీశాక చేరుతుంది.

అంటే చూడటం అనేది కన్ను చేసే పని కాదు. కన్ను గెంతుతుంటే, ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అని మెదడు క్షణక్షణం తేల్చుకునే పని. వదిలేయడంలోనే మైగ్రేన్ మెదడుకు ఇబ్బంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మైగ్రేన్ ఉన్నవాళ్ల కంటి గెంతులను కొలిచిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. పేపర్లలో హెడ్డింగులు చూస్తే కళ్లు కదిలే తీరుతో మైగ్రేన్ కనిపెట్టేయొచ్చన్నంత హడావుడి. అంత లేదు. నొప్పి లేని రోజున మామూలు గెంతు వేగం మామూలుగానే ఉంటుంది. కొన్ని బృందాలకు గెంతు గురి కాస్త తప్పడం, గెంతు మొదలవడంలో ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉండటం కనబడ్డాయి. ఇంకొన్ని బృందాలకు ఏ తేడా కనబడలేదు. చుక్క కనబడగానే దాన్ని చూడకుండా దాని ఎదురు దిక్కు చూడాలి అనే పరీక్ష ఒకటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా అప్పుడప్పుడు తప్పుతారు. అందులోనూ ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. కారణాలు ఊహించవచ్చు. పదిహేను ఇరవై మందితో చేసినవి చాలా, ఎవరు ఏ మందులు వాడుతున్నారో తేడా, మరీ ముఖ్యంగా నొప్పి వచ్చి ఎన్ని రోజులైంది, మళ్లీ ఎన్ని గంటల్లో రాబోతోంది అన్నది. మైగ్రేన్ మెదడు సోమవారం ఒకలా, గురువారం ఒకలా ఉంటుంది. ఒక్క రోజు కొలిచి ఇదీ నీ కన్ను అంటే ఎలా?

స్పష్టంగా తేడా కనబడేది ఒకచోట. కళ్లు, చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ కలిసి చేసే పనిలో. మళ్లీ కరపత్రం పట్టుకోండి. ముందు తల కదపకుండా కాగితాన్ని అటూ ఇటూ గబగబా ఊపుతూ చదవండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు కాగితం కదపకుండా, అదే వేగంతో తల అడ్డంగా ఊపుతూ చదవండి. హాయిగా చదవగలుగుతున్నారు. (సభలో నవ్వులు) అందరూ వద్దు వద్దు అంటున్నట్టున్నారు. కదులుతున్న కాగితాన్ని కంటితో వెంబడించాలంటే మెదడుకు సెకనులో పదో వంతు కావాలి. తల కదిలితే మాత్రం లోపలి చెవి నేరుగా కంటి కండరాలకు కబురు పంపుతుంది, అది అంతకంటే పది రెట్లు వేగం. ఈ వంతెన వల్లే నడుస్తున్నా ప్రపంచం ఊగదు.

మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి ఈ వంతెన మీద రభస జరుగుతుంది. తల తిరుగుడే ప్రధానంగా ఉండే మైగ్రేన్ ఒకటుంది, వెస్టిబ్యులర్ మైగ్రేన్. 2012లో దానికి అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. అంతకు ముందు ఎంతమంది "చెవిలో ఏదో", "టెన్షన్ వల్ల", "మెడ ఎముక అరిగింది" అనిపించుకున్నారో. 2005లో జర్మనీలో ఇలాంటి 20 మందిని సరిగ్గా ఆ తిరుగుడు నడుస్తుండగానే పరీక్షిస్తే, 14 మందిలో కళ్లు వాటంతటవే ఒకవైపు జారి వెనక్కి కొట్టుకోవడం, అంటే నిస్టాగ్మస్, కనబడింది. అది తగ్గాక చూస్తే చాలామందిలో ఇంత స్పష్టంగా ఏమీ దొరకదు. పేషెంటు మన దగ్గరికి వచ్చేది తగ్గాకే. అందుకే "అంతా నార్మల్, ఏమీ లేదు" అని పంపించేస్తాం. ఏమీ లేకపోవడం కాదు, మనం చూసేసరికి లేకపోవడం.

బస్సులో ఫోన్ చూస్తే కడుపులో తిప్పడం, ఇంకొకరు పక్కన స్క్రోల్ చేస్తుంటే చూడలేకపోవడం, తెర మీద గేమ్ చూస్తే వికారం, ఇవన్నీ మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఎక్కువ. మీలో చాలామంది తలలూపుతున్నారు. చిన్నప్పుడు ప్రయాణాల్లో వాంతులయ్యే పిల్లలు కొందరు పెద్దయ్యాక మైగ్రేన్‌తో మా దగ్గరికి వస్తారు.

ఇప్పుడు అసలు విషయం. అలవాటు.

గోడ గడియారం టిక్కుటిక్కు ఐదు నిమిషాలకు వినబడటం మానేస్తుంది. కట్టుకున్న చేతి గడియారం బరువు గుర్తుండదు. మెదడు ఒకే కబురు పదే పదే వస్తే విని విని ఊరుకుంటుంది. చూపులోనూ అంతే. చదరంగం పలకలాంటి నలుపు తెలుపు గళ్లు తెర మీద పెట్టి, సెకనుకు మూడుసార్లు నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మారుస్తారు. తల వెనక అతికించిన ఎలక్ట్రోడు, ప్రతి మార్పుకూ సుమారు 100 మిల్లీసెకన్లకు మెదడు ఇచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేస్తుంది. వందల సార్లు చూపించాక మామూలు మనిషిలో స్పందన మెల్లగా తగ్గుతుంది. 1995లో బెల్జియంలోని లియెజ్‌లో జాన్ ష్యోనెన్ బృందం మైగ్రేన్ ఉన్నవాళ్లను, నొప్పి లేని రోజుల్లోనే, ఇలా కూర్చోబెట్టింది. వాళ్లలో తగ్గలేదు. కొందరిలో పెరిగింది కూడా. వందల సార్లు చూశాక కూడా మొదటిసారి చూసినట్టే చూస్తోంది మెదడు. ఇంకో విచిత్రం, నొప్పి రాబోయే ముందూ, వచ్చినప్పుడూ ఈ స్పందన మామూలు మనుషుల్లాగే తగ్గుతుంది. తుఫానుకు ముందు సముద్రం సర్దుకున్నట్టు.

ఇదే తిరుగులేని రుజువు అనడం లేదు. 2013లో నార్వే బృందం ఒకటి, కొలిచేవాళ్లకు ఎవరు పేషెంటో తెలియకుండా చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. వాదన ఇంకా నడుస్తోంది. కానీ పాతికేళ్లుగా పేషెంట్లు చెప్పే మాటలు వింటున్నవాడిగా నాకు మాత్రం అలవాటు పడకపోవడం అనే మాట దగ్గరగా తగులుతుంది. "ఆ ఫ్యాను నీడ అందరికీ పోతుంది, నాకే పోదు సార్" అని ఒకమ్మాయి అంది. లైటు కింద తిరిగే ఫ్యాను రెక్కల నీడ గోడ మీద కొట్టుకుంటూ ఉంటుందే, అది. ఇంట్లో మిగతా నలుగురూ ఆ నీడ ఉందన్న సంగతే ఎరగరు.

దీనికి అడ్డు తిరిగే విషయం కూడా ఒకటుంది, దాచను. జలపాతాన్ని ఒక నిమిషం చూసి పక్కనున్న బండ వైపు చూస్తే, బండ పైకి పోతున్నట్టు కనబడుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈ భ్రమ ఎక్కువసేపు నిలుస్తుందని లండన్‌లో అలెక్స్ షెపర్డ్ చూపించింది. అంటే వీళ్ల మెదడు అలవాటు పడదు అనడం పూర్తి నిజం కాదు. కొన్నిచోట్ల పడుతుంది, పడ్డాక తేరుకోదు. ఆస్ట్రేలియాలో అలిసన్ మెకెండ్రిక్ చేసిన పరీక్షలు ఇంకో రకం. తెర మీద చుక్కలు దుమ్ములా చెదిరి తిరుగుతుంటాయి, వాటిలో కొన్ని మాత్రం కలిసికట్టుగా ఒకవైపు పోతుంటాయి. ఎటు పోతున్నాయో చెప్పాలి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఆ కలిసి నడిచే చుక్కలు కాస్త ఎక్కువ ఉంటే గానీ దిక్కు తేలదు. రొదలోంచి మాటను వేరు చేయడం వాళ్లకు కష్టం. వాళ్ల చూపు పదును అని కొందరంటారు, మొద్దు అని కొందరంటారు. రెండూ కాదు. వాల్యూమ్ ఎక్కువ, వడపోత తక్కువ.

చారల సంగతి చెబుతాను గానీ చారల స్లయిడు వేయను. ఒకసారి వేసి, ముందు వరసలో ఒకావిడ లేచి వెళ్లిపోవడం చూశాక మానేశాను. ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1984లో తన బృందంతో కలిసి చెప్పింది ఏమంటే, నలుపు తెలుపు చారలు ఒక డిగ్రీలో మూడు జతలు పట్టేంత మందంగా ఉంటే అందరికీ కాస్త చికాకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు చాలా చికాకు. ఒక డిగ్రీ అంటే 57 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు. చారలు వణుకుతాయి, రంగులు పుడతాయి, కొందరికి నొప్పి మొదలవుతుంది. చెట్లలో, మబ్బుల్లో, రాళ్లలో ఇంత మేర ఇలాంటి వరస చారలు ఉండవు. మనిషి కట్టినవాటిలో ఉంటాయి. ఎస్కలేటర్ మెట్లు. కిటికీ బ్లయిండ్లు. చొక్కాలు. ఇంకా, మీ చేతిలోని కరపత్రం! లైన్ల మధ్య తెలుపు, లైన్ల నలుపు, అవీ చారలే. పుస్తకంలో చదువుతున్న లైను తప్ప మిగతావి ఒక కాగితంతో మూసుకుంటే చదవగలిగేవాళ్లను చూశాను.

ట్యూబ్‌లైటు దగ్గరికి వచ్చాం. పాతరకం ట్యూబ్‌లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు అనుకుంటాం. 1989లో విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో, ఉద్యోగులకు చెప్పకుండా, కొన్నాళ్లు ఈ లైట్లు, కొన్నాళ్లు అసలు మినుకని హై ఫ్రీక్వెన్సీ లైట్లు వెలిగించి చూసింది. మినుకని లైట్ల కింద తలనొప్పులు, కళ్ల అలసట సగానికి పైగా తగ్గాయి. కన్ను నిలకడగా ఉంటే ఆ మినుకు కలిసిపోతుంది, నిజమే. కానీ కన్ను నిలకడగా ఉండదని ఇందాకే అనుకున్నాం కదా. రాత్రి కారు వెనక ఎల్ఈడీ లైట్ల మీదుగా చూపు గబుక్కున తిప్పండి. ఒక లైటు కాదు, ముత్యాల దండలా చుక్కల వరస కనబడుతుంది. కన్ను గెంతుతుంటే ఆ లైటు ఆరుతూ వెలుగుతూ రెటీనా మీద, అంటే కంటి లోపలి తెర మీద, వేరు వేరు చోట్ల ముద్ర వేస్తుంది. అన్నిట్లో కాదు, మినుకేవాటిలోనే. మీ ఇంట్లో ఏ బల్బు ఇబ్బందో కనిపెట్టడానికి ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూడండి, చాలావరకు దొరికిపోతుంది.

వెలుతురు గురించి ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. 2010లో రామి బర్‌స్టీన్ బృందం చూపు లేని మైగ్రేన్ పేషెంట్లు 20 మందిని అడిగి చూసింది, వెలుతురులో నొప్పి పెరుగుతుందా అని. కళ్లే తీసేసినవాళ్లకు, ఆప్టిక్ నరం పోయినవాళ్లకు పెరగలేదు. రూపం కనబడకపోయినా వెలుతురు మాత్రం తెలిసేవాళ్లకు పెరిగింది. రెటీనాలో బొమ్మతో పనిలేకుండా, వెలుతురు ఉందా లేదా, పగలా రాత్రా అని మాత్రమే కనిపెట్టే కణాలు కొన్ని ఉన్నాయి. నీలి వెలుగుకు బాగా స్పందిస్తాయి. వాటి తీగలు మెదడు లోపల తలామస్ అనే చోట, మెదడు చుట్టూ ఉన్న పొరల నుంచి నొప్పి మోసుకొచ్చే దారిలో కలుస్తున్నాయి. వెలుతురు నొప్పిని పెంచడం వాళ్ల నాజూకుతనం కాదు, వైరింగ్. 2016లో అదే బృందం, మిగతా రంగులతో పోలిస్తే ఆకుపచ్చ వెలుగు తక్కువ బాధ పెడుతుందని చూపించింది.

దీన్నిబట్టి ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకు కూర్చునేవాళ్లున్నారు. దయచేసి వద్దు. చీకటికి కన్ను అలవాటు పడి, తీసినప్పుడు మామూలు వెలుతురే మండుతుంది. గులాబీ ఛాయ అద్దాలు కొన్ని ఉన్నాయి, కొందరికి ఉపశమనం ఇస్తాయి, అవి వేరు.

అద్దాల మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా చెప్పుకుంటాను. ప్రాక్టీసు కొత్తలో ఒకావిడకు రెండేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్పించాను. పావు పవర్ ఇటు, పావు పవర్ అటు. ప్రతిసారీ నెల రోజులు బాగుందనేది, మళ్లీ వచ్చేది. నెలకు రెండుసార్లు, ఒకవైపు పోటు, వాంతి, చీకటి గదిలో పడుకోవడం. నాకు నెలనెలా వచ్చేదే ఆవిడకూ ఉందని గుర్తుపట్టడానికి రెండేళ్లు పట్టింది నాకు! పవర్ సరిగా లేకపోతే సాయంత్రానికి కళ్లు లాగుతాయి, నుదురు బరువెక్కుతుంది. అంతే. వాంతి అవదు, మెరుపుల కోట కట్టదు.

మీలో ఆరా వచ్చేవాళ్లు ఈసారి లాష్లీ చేసినట్టు చేయండి. డ్రైవింగులో ఉంటే ముందు బండి పక్కకు ఆపండి. కాగితం మీద చుక్క, దాని మీద చూపు, నిమిషానికో గీత. ఆ బొమ్మ తెచ్చి చూపిస్తే మాకు స్కాన్ కంటే ఎక్కువ చెబుతుంది. మెల్లగా ఐదు నిమిషాలకు పైగా పాకుతూ, మెరుస్తూ, గంటలోపు పోతే అది ఆరా లక్షణం. తెర వేసినట్టు ఒక్కసారిగా చీకటి పడితే, ఒక కంటికే చూపు పోతే, మాట తడబడి చెయ్యి పట్టు తప్పితే, యాభై దాటాక మొట్టమొదటిసారి వస్తే, పిడుగు పడ్డట్టు నొప్పి మొదలైతే, బొమ్మ గీస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంకో మాట, ఆరా వచ్చే అమ్మాయిలు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. వేరే పద్ధతులున్నాయి.

ప్రశ్నలకు టైము ఒక్కదానికే ఉందంటున్నారు. చెప్పమ్మా, వెనక నీలం చున్నీ. ఏమిటీ? ఆరా వచ్చినప్పుడు కళ్లు మూసుకుంటే పోతుందా అని అడుగుతోంది.

పోదమ్మా. రెండు కళ్లూ మూసుకున్నా ఉంటుంది, కంట్లో లేదు కదా. నేనైతే మూసుకునే పడుకుంటాను. చీకట్లో దాన్ని చూస్తూ ఉంటాను, మొదట అద్దాలు తుడిచిన రోజు పడ్డ భయం ఇప్పుడు లేదు. ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా విల్లు ఎడమ అంచు దాటి వెళ్లిపోతుంది. లేచి గడియారం చూసుకుని డైరీలో రాసుకుంటాను. తల పోటు మొదలవగానే మాత్ర వేసుకుంటాను.